ఆదివారం ఆ కళాయిలో ఏం వేగింది?

కాశీబుగ్గలో నాకు బావమరిది వరసైన ఒకాయనకి జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. ఫ్యాక్టరీ అన్నానని పెద్దగా ఊహించుకోకండి. పిక్కలు ఉడకబెట్టే బాయిలర్ ఒకటి, కోత మిషన్లు ఓ డజను, పొట్టు తీసే రేకుల షెడ్డు, వెనకాల పిక్కలు ఆరబోసే సిమెంటు కళ్లం. అంతే. పలాస చుట్టుపక్కల ఇలాంటివి వీధికొకటి కనిపిస్తాయి. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"బావా, ఓపాలి రా. విశాఖ బ్రోకరు ఏవో కాయితాలు పంపినాడు. ఏటేటో అడుగుతున్నారు. పప్పుకి కూడా మతముంటాదేటి?"

టెక్కలిలో బస్సెక్కితే పలాసకి గంట కూడా పట్టదు. వెళ్లేసరికి నాలుగు కాగితాలు బల్ల మీద పరిచి, వాటి మీద టీ గ్లాసు పెట్టి కూర్చున్నాడు. విదేశంలో ఎవరో కొంటారట, వాళ్లకి సరుకు "కోషర్" అయి ఉండాలట. ప్రశ్నలు చదివి తెలుగులో చెబుతూ పోయాను. పప్పు పచ్చిగా అమ్ముతారా, వేయించి అమ్ముతారా? వేయిస్తే ఏ నూనె? ఆ నూనె ఏ కంపెనీది? బాయిలర్ ఆవిరి ఇంకే సరుకుకైనా వెళ్తుందా? పురుగు ఏరేది ఎవరు, ఎంత వెలుతురులో? అన్నిటికీ టకటకా జవాబు చెప్పాడు. ఉప్పు వేసి వేయించిన పప్పు దసరా, దీపావళికి గిఫ్టు డబ్బాల కోసం కొంచెం చేస్తాడు. అక్కడొక ప్రశ్న వచ్చింది: ఆ కళాయిలో ఇంకేమైనా వేయిస్తారా?

"ఏటీ లేదు. రాసీ."

గుమ్మం దగ్గర పొట్టు చెరుగుతున్న అక్క ఒకామె తలెత్తకుండానే అంది: "ఆదోరం రొయ్యలు ఏపింది అందుల్లోనే గదా బాబూ."

ఈ అధ్యాయమంతా ఆమె అన్న ఆ ఒక్క మాట గురించే.

మనవాడు అబద్ధమాడలేదు. ఆ కళాయి పప్పు కోసమే కొన్నాడు, అతని లెక్కలో అది పప్పు కళాయే. ఆదివారం పనివాళ్లకి భోజనం పెట్టినప్పుడు అందులో ఏం వేగిందో అతనికి తెలుసు కూడా. ఆ రెండు సంగతుల్నీ ఎప్పుడూ ఒకచోట పెట్టి చూసుకోలేదు, అంతే. మనలో చాలామందికి మన పని గురించి తెలియనిది ఇలాంటిదే. అది దాచిపెట్టింది కాదు, తెలిసీ లెక్కలోకి తీసుకోనిది. "సరుకు బాగుంటుంది సార్, ఢోకా లేదు" అని ఎవరైనా అంటారు. ఆ సరుకు ఏ దారిన వచ్చిందో అడిగితే చెప్పగలిగేవాళ్లు తక్కువ.

ఇంతకీ కోషర్ అంటే ఏమిటి? హీబ్రూలో కషేర్ అంటే తగినది, పనికొచ్చేది అని అర్థం. యూదుల మతగురువు రబ్బీ వచ్చి మంత్రం చదివితే సరుకు కోషర్ అయిపోతుందని చాలామంది అనుకుంటారు. మా బావమరిది కూడా "ఆ పంతులుకి ఎంత ఇవ్వాలి?" అనే అడిగాడు. ఇందులో మంత్రమేమీ లేదు. ఉన్నది తనిఖీ. ఏ పదార్థం, ఏ పాత్ర, ఏది దేన్ని తాకింది - ఈ మూడే ప్రశ్నలు.

మూలం యూదుల ధర్మశాస్త్రం తోరాలో ఉంది. మన క్రైస్తవ కుటుంబాల వాళ్లు బైబిల్లో లేవీయకాండం 11వ అధ్యాయం, ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం తీస్తే ఆ జాబితాలు కనిపిస్తాయి. నెమరువేస్తూ గిట్టలు చీలి ఉన్న జంతువు పనికొస్తుంది. అంటే ఆవు, మేక, గొర్రె తినొచ్చు. పందికి గిట్ట చీలి ఉంది గానీ నెమరు లేదు. ఒంటె నెమరువేస్తుంది గానీ గిట్ట లెక్కకు రాదు. తినదగిన జంతువునైనా నొక్కు లేని కత్తితో, పద్ధతి తెలిసినవాడు కోయాలి. కోసే ముందు కత్తి అంచుని గోటి మీద నడిపించి చూస్తాడు. రక్తం పోవడానికి మాంసాన్ని అరగంట నీళ్లలో నానబెట్టి, గంటసేపు ఉప్పులో ఉంచి, కడుగుతారు. మాంసం, పాలు కలవకూడదు. పిల్లను తల్లిపాలలో ఉడికించకూడదనే మాట తోరాలో మూడుసార్లు వస్తుంది. దాని మీదే ఈ కట్టడి అంతా పెరిగింది. ఇంట్లో రెండు జతల గిన్నెలు, రెండు జతల స్పూన్లు ఉంటాయి. మాంసం తిన్నాక పాల పదార్థం ముట్టడానికి కొందరు ఆరు గంటలు ఆగుతారు, కొందరు మూడు, కొందరు ఒకటి. మధ్యాహ్నం మటన్ తిన్న యూదుడికి మందస కోవా చూపిస్తే చాలావరకు రాత్రిదాకా నోరూరుతూ కూర్చోవలసిందే.

చేపల సంగతి మన తీరం వాళ్లకి బాగా అర్థమవుతుంది. రెక్కలూ పొలుసులూ రెండూ ఉంటేనే పనికొస్తుంది. బారువలోనో భావనపాడులోనో తెల్లారి వల దులుపుతున్నప్పుడు పక్కన నిలబడి ఈ కళ్లతో చూడండి. వంజరం సరే, పండుగప్ప సరే, కానాగంతలు, కవళ్లు సరే. నెత్తళ్లు నీళ్లలోంచి తీయగానే పొలుసు రాలిపోయినా సరే, ఎందుకంటే నీళ్లలో ఉన్నప్పుడు ఉంది. రొయ్య, పీత కుదరవు. జెల్ల కుదరదు, దానికి పొలుసే లేదు. సొర తోలు గరుకుగా ఉంటుంది, కానీ చర్మం చినగకుండా ఊడొచ్చే పొలుసు కాదది, కాబట్టి అదీ కుదరదు. పాలు పడతాయని మనం బాలింతలకు పెట్టే సొర పిట్టు వాళ్ల గడప దాటదు.

ఎందుకిలా అంటే తోరా కారణం చెప్పదు, పవిత్రంగా ఉండమని చెబుతుంది. 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడెస్ స్వయంగా వైద్యుడు కాబట్టి ఆరోగ్య కారణాలు వెతికాడు. ఆ మాట ఒప్పుకోని పండితులూ ఉన్నారు. నాకైతే కారణం కంటే దాని వల్ల మనిషికి జరిగే మేలే పెద్దదనిపిస్తుంది. అయ్యప్ప మాల వేసుకున్నవాణ్ణి చూడండి. 41 రోజులు అతణ్ణి ఎవరూ బతిమాలరు. "మాలలో ఉన్నాను" అంటే చాలు, బిర్యానీ ప్లేటు దానంతటదే పక్కకి జరుగుతుంది. అదే మనిషి మాల తీశాక "ఈ నెల బయటి తిండి తగ్గిద్దామనుకుంటున్నా" అని చూడమనండి! కాశీబుగ్గ బస్టాండు దాటేలోపు ముగ్గురు ఆపుతారు, నాలుగోవాడు తనలోనే ఉంటాడు. ముందే గీసుకున్న గీత దగ్గర బేరం ఉండదు. అప్పటికప్పుడు గీసే గీతతో రోజంతా బేరమే. డబ్బు అప్పివ్వడం, రాత్రి ఫోన్ కట్టేయడం, శాంపిల్‌కి ఒక రకం, లోడుకి ఒక రకం పంపకపోవడం - ఇలాంటి వాటిలో మీకు నిజంగా అవసరమైన గీత ఒకటో రెండో ఉంటుంది. పది గీసుకోకండి, ఏదీ నిలవదు.

కళాయి దగ్గరికి వద్దాం.

కోషర్ శాస్త్రంలో నాకు బాగా నచ్చిన భాగం పాత్రల గురించినది. వేడి మీద పాత్ర రుచిని పీల్చుకుంటుంది, మళ్లీ వేడెక్కినప్పుడు దాన్ని వదులుతుంది. ఏ దారిన లోపలికి పోయిందో ఆ దారినే బయటికి రావాలి. నీళ్లలో ఉడికించిన గిన్నెను ఒక రోజంతా వాడకుండా ఉంచి, సలసల కాగే నీళ్లలో ముంచి తీస్తే శుద్ధి. నిప్పు మీద నేరుగా కాల్చిన ఇనప చువ్వనైతే ఎర్రగా కాల్చాల్సిందే. మట్టి కుండకి మాత్రం ఏ శుద్ధీ లేదు, పగలగొట్టాలి. ఇది చదువుతుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఇంట్లో మైల వచ్చినప్పుడు ఇత్తడి చెంబుల్ని చింతపండు పెట్టి తోమించేది, కుండలు మాత్రం పెరటి గోడవతల పారేయించేది. ఏ రబ్బీ ఆమెకి పాఠం చెప్పలేదు. మట్టి పీల్చుకున్నది వదలదని ఆమెకూ తెలుసు.

కళాయిని ఏం చేయాలి? మా బావమరిది సబ్బు పెట్టి రెండుసార్లు తోమిస్తానన్నాడు. శుభ్రం వేరు, ఇది వేరు అని చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. అద్దంలా మెరిసే కళాయి కోషర్ కాకపోవచ్చు. మసిబారిన కళాయి కోషర్ కావచ్చు. మన ప్యాకెట్ల మీద ఉండే పచ్చ చుక్కతో కూడా దీన్ని కలపకండి. శాకాహారమంతా కోషర్ కాదు. చీజ్ చేయడానికి పాలు విరగ్గొట్టే రెన్నెట్, ద్రాక్ష రసం, రంగులు, ఆకుకూరలో దాక్కున్న పురుగు, ఇంతకుముందు వేరేది పారిన గొట్టం - అన్నీ లెక్కకు వస్తాయి. పచ్చి జీడిపప్పు పుట్టుకతో కోషరే. నూనె, ఉప్పు, మసాలా ఏమీ తగలకపోతే చాలా సంస్థలు దాన్ని ముద్ర లేకపోయినా ఒప్పుకుంటాయి. కళాయిలోకి దిగిందంటే కథ మారుతుంది.

పొరపాటు జరిగితే? దానికీ లెక్క ఉంది. మాంసం కుండలో తెలియక పాల చుక్క పడితే, దానికి అరవై రెట్లు మాంసం ఉంటే ఆ చుక్క లేనట్టే. కానీ "అరవైలో ఒకటేగా, ఫరవాలేదు" అని ముందే లెక్కేసుకుని కావాలని కలపకూడదు. నేను చదివిన వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో ఇంత నిక్కచ్చి మాట తక్కువ. ఎన్ని వ్యాపారాలు ఈ ఒక్క చోటే జారిపోయాయో చూడండి. పోయినేటి పప్పు డబ్బాకి గుప్పెడు, 240 రకంలో 320 రకం నాలుగు గింజలు - "తెలీదులే" అనుకుని కలిపిన రోజునే అది పొరపాటు కాకుండా పోయింది. పలాస వాళ్లకి ఈ అంకెలు ఎవరూ చెప్పక్కర్లేదు. 320 రకమంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, 300 నుంచి 320 గింజలు తూగాలి. 240 రకమంటే 220 నుంచి 240. గింజల్ని లెక్కబెట్టి బతికే ఊరు ఇది. అక్కడ నాలుగు గింజలు ఎవరికీ కనిపించవనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

అరవై లెక్కకి ఒక మినహాయింపు ఉంది. అది పప్పు ఊళ్లకి నేరుగా తగిలేది. పురుగు పూర్తి ప్రాణి కాబట్టి, ముక్కలు కాకుండా ఉంటే వెయ్యిలో ఒకటైనా లేనట్టు కాదు. ఏరాల్సిందే.

ఆ ఏరడం ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. కోత గదిలో పిక్క చీలగానే జీడి చిమ్ముతుంది. అది తగిలిన చోట చర్మం కాలి పొర లేస్తుంది. ఆముదమో బూడిదో రాసుకుని కూర్చుంటారు, అయినా గోళ్ల చుట్టూ నల్లగానే ఉంటుంది. అది దాటి డ్రయ్యర్‌లో వేడెక్కి వచ్చిన పప్పు పొట్టు షెడ్డుకి చేరుతుంది. చిన్న కత్తి మొనతో గింజ వీపు మీది ఎర్ర పొట్టుని లేపుతారు. తల దగ్గర చిన్న రంధ్రముంటే వేలు ఆగుతుంది. పొడిలాంటిది రాలితే గింజ పక్కకి పోతుంది. గుండ్లు ఒక పళ్లెంలోకి, బద్దలు ఒక పళ్లెంలోకి, ముక్కలు మరోదాంట్లోకి. మాటలు ఆగవు, వేళ్లూ ఆగవు. ఇదంతా తలమీది ఒక్క ట్యూబులైటు వెలుతురులో. "ఎంత వెలుతురులో?" అన్న ప్రశ్న నాలుగో కాగితంలో చదివినప్పుడు మా బావమరిది నవ్వాడు. షెడ్డులోకి వెళ్లి పైకి చూశాక నవ్వలేదు. మర్నాడు రెండు ట్యూబులైట్లు కిందికి దించి కట్టించాడు. ఖర్చు వెయ్యి దాటలేదు. పురుగు గింజలు బయటపడటం పెరిగింది. అంతకుముందు అవెక్కడికి పోయాయో వేరే చెప్పాలా?

పెద్ద సంస్థలు చేసేదీ ఈ పనే, జీతమిచ్చి చేయిస్తారు. అమెరికాలో 1898లో పుట్టిన ఆర్థడాక్స్ యూనియన్ 1923లో హైంజ్ వారి చిక్కుడు గింజల డబ్బాతో ఈ తనిఖీ ముద్ర మొదలుపెట్టింది. ఓ అక్షరం లోపల యు అక్షరం, అదే గుర్తు. వాళ్ల తరఫున వచ్చే పర్యవేక్షకుణ్ణి మష్గియాహ్ అంటారు. అతను చాలాచోట్లకి చెప్పకుండా వస్తాడు. స్టోరు గదిలో డబ్బాల పేర్లు చదువుతాడు, జాబితాలో లేని డబ్బా కనిపిస్తే అడుగుతాడు. ముద్ర కావాలనుకునే చిన్న వ్యాపారులకి ఒక మాట: ముందు కొనేవాణ్ణి ఏ సంస్థ ముద్ర ఒప్పుకుంటాడో అడగండి. ఆ తర్వాతే డబ్బు కట్టండి. ముద్రలన్నీ అందరికీ చెల్లవు. సొంతంగా ప్యాకెట్ మీద "కోషర్" అని అచ్చేయించుకోవడమైతే వద్దే వద్దు.

ముద్రకి నూరేళ్లు, నియమానికి వేల ఏళ్లు. ముద్రలతో పని లేకుండా దాన్ని పట్టుకున్నవాళ్లు మన రాష్ట్రంలోనే ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న తెలుగు సమాజం తమను యూదులుగా చెప్పుకుంటుంది. దళిత మాదిగ కుటుంబాలు, సొంత ప్రార్థనా మందిరం కూడా ఉంది. పరిశోధకులు యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వాళ్ల గురించి 2013లో ఒక పుస్తకం వేశారు. సూపర్ మార్కెట్లో ఓయూ గుర్తు వెతుక్కునే న్యూయార్క్ గృహిణికీ, పల్లెటూళ్లో ఆ నియమాన్ని తనకు తానే గుర్తుచేసుకునే ఇల్లాలికీ ఎంత తేడా! రెండోదే కష్టమని నా ఉద్దేశం. చూసేవాళ్లు లేని చోట తనిఖీ చేసుకోవడం అది.

ఆ తనిఖీ మీ పనికి చేసుకోవాలంటే ఒక తెల్ల కాగితం చాలు. మీరు టిఫిన్ బండి పెట్టి ఉండొచ్చు, ట్యూషన్ చెబుతూ ఉండొచ్చు, టెక్కలి గ్రానైట్ క్వారీలో లెక్కలు రాస్తూ ఉండొచ్చు. మీ దగ్గర్నుంచి బయటికి వెళ్లే ఒక్క వస్తువునో ఒక్క పనినో తీసుకుని అది వచ్చిన దారిని వెనక్కి రాయండి. ఎవరి చేతి నుంచి, ఏ పాత్ర నుంచి, ఏ ఫైలు నుంచి. ప్రతి మజిలీ దగ్గర ఒకటే ప్రశ్న: ఇది ఇంకా దేన్ని తాకింది? ఇంటి ఖర్చుల గల్లాపెట్టె, షాపు గల్లాపెట్టె ఒకటేనా? పిల్లల పేపర్లు దిద్దే గంటలో ఫోన్ ఎక్కడుంది? రాసేటప్పుడు చెయ్యి ఎక్కడ ఆగుతుందో అక్కడే మీ కళాయి ఉంది. రాశాక మీకంటే కింద పనిచేసేవాళ్లకి చదివి వినిపించండి. ఇది తప్పించుకోకండి. యజమానికి తెలియని ఆదివారాలు వాళ్లకి తెలుసు. వాళ్లు నోరు తెరిచినందుకు మొహం మాడ్చారో, ఇక జన్మలో ఇంకో నిజం వినరు.

ఈ నియమాల్లోంచి మా పలాస వైపు ఉద్దానం తోటల రైతుకి చెప్పాల్సింది ఇంకొకటుంది. నాటిన చెట్టు మొదటి మూడేళ్ల కాయ తినకూడదని తోరా నియమం, లేవీయకాండం 19వ అధ్యాయంలో. దాన్ని ఓర్లా అంటారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వజ్రపుకొత్తూరు వైపు తీరం దాటినప్పుడు తాతల నాటి జీడి, కొబ్బరి, పనస తోటలు ఒక్క రాత్రిలో పడుకున్నాయి. తర్వాత అంటు మొక్కలు నాటిన రైతుకి ఉద్యాన శాఖ వాళ్లు చెప్పేది కూడా ఇలాంటిదే. మొదటి రెండేళ్లు పూత వస్తే గిల్లేయండి, చెట్టుని ఎదగనివ్వండి అంటారు. అప్పుచేసి నాటినవాడికి తన చేత్తో తనే పూత గిల్లడం ఎంత కష్టమో! మా చినమావయ్య తోటలో చూశాను. గిల్లిన రెమ్మని పారేయకుండా జేబులో వేసుకున్నాడు. ఓపిక పట్టమని పుస్తకాల్లో రాసే మాలాంటివాళ్లం ఆ జేబు గుర్తుంచుకుని రాయాలి.

విశాఖ బ్రోకరు ఆర్డరు చివరికి ఇంకెవరికో వెళ్లింది, రేటు దగ్గర కుదరలేదు. కాగితాలు మాత్రం బల్ల సొరుగులో ఉన్నాయి. మొన్న వెళ్లినప్పుడు షెడ్డు వెనక వేపచెట్టు కింద ఆదివారం వంట సాగుతోంది. పాత కళాయిలో రొయ్యలు ఎర్రగా వేగుతున్నాయి. పప్పు కోసం కొన్న కొత్త కళాయి స్టోరు గదిలో ఉంది, పిడికి ఎర్ర వైరు చుట్టి. గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి ఏదని అడిగితే మా బావమరిది గుమ్మం వైపు చూపించాడు. పొట్టు చెరుగుతున్న ఆ అక్క కొంగు చివర ముడేసి ఉంది.